పైడమ్మ తూకం

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మేష్టర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మెడలో విజిలు, చేతిలో నోటుబుక్కు. "సార్, మీ హయాంలో మీ స్కూలుకి ఎన్ని కప్పులు వచ్చాయి?" అని మొదటి ప్రశ్న. కప్పులు లెక్కపెట్టాలంటే హెడ్మాస్టరు గదిలో బీరువా ఉంది, దాని తాళం అడగండి, నన్నెందుకు అడుగుతారు అన్నాను. కాఫీ తాగి, మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. నోటుబుక్కులో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

మాది తూర్పు గోదావరి. మా నాన్నకి విశాఖపట్నం రేవులో గుమాస్తా పని దొరికితే ఇక్కడికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. రేవుకి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో నేను డెబ్బైల మొదట్లో చేరి ఎనభైల చివర్లో రిటైరయ్యాను. పిల్లలకి కుస్తీ నేర్పాను. కుస్తీ నేర్పడమంటే పట్లు నేర్పడం అనుకుంటారు తెలియనివాళ్ళు. పట్లు ఏ వీధి వస్తాదైనా నేర్పుతాడు. హైస్కూలు మేష్టారి పని వేరు. పిల్లాడి గోళ్ళు చూడాలి, చర్మం చూడాలి, తూకం చూడాలి. ఇవి చూడనివాడు బీరువా నిండా కప్పులు తెచ్చినా దండగమారి మేష్టారే. నేను చాలాకాలం ఆ దండగమారి జాతిలోనే ఉన్నాను, కాబట్టి ఆ జాతి గురించి నాకు బాగా తెలుసు.

మట్టి మురికి, టార్పాలిన్ నాగరికం

నేను చేరేనాటికి స్కూలు వెనకాల ఒక గోదా ఉండేది. పెద్ద గొయ్యి తవ్వి, ఎర్రమట్టీ ఇసకా కలిపి, అందులో పసుపు, ఎండిన వేపాకు పొడి, మజ్జిగ, నువ్వులనూనె పోసి తొక్కేవాళ్ళం. వారానికోసారి మట్టి తిరగెయ్యడం, రాళ్ళు ఏరడం, ఎండకి ఆరనివ్వడం. పిల్లలు ఎర్రగా బురదకొట్టుకుని లేచేవారు, నూతి దగ్గర నాలుగు చేదలు గుమ్మరించుకుని ఇంటికి పోయేవారు. ఆ గోదాలో ఒక్కడికి గజ్జి రాగా నేను చూడలేదు.

మా హెడ్మాస్టరు గారికి ఆ గోదా అంటే పరమ అసహ్యం. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏమయ్యా, మనం ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నామా, గేదెల్ని పెంచుతున్నామా?" అనేవారు. పెద్ద స్కూళ్ళలో అందరూ పరుపుల మీద ఆడిస్తున్నారట. మనకి మాత్రం ఈ మట్టి దరిద్రం ఎందుకట. ఆయన తిరిగి తిరిగి ఒక దాతని పట్టుకొచ్చారు. ఆ దాత గారు కొబ్బరిపీచు పరుపులు ఓ డజనూ, వాటి మీద పరచడానికి రేవులో సరుకు మీద కప్పే పెద్ద టార్పాలిన్ ఒకటీ ఇచ్చారు. టార్పాలిన్ నడిమధ్య ఆయన పేరు తెల్లరంగుతో, జానెడేసి అక్షరాలతో రాయించారు. ప్రారంభోత్సవం రోజున ఆ పేరు మీదే కొబ్బరికాయ కొట్టారు.

నెల తిరిగేసరికి అది కంపు కొట్టడం మొదలెట్టింది. ఇరవై మంది పిల్లల చెమట, చీమిడి, అప్పుడప్పుడూ ముక్కు పగిలితే నెత్తురూ దాని మీదే. సాయంత్రం చుట్టచుట్టి కిటికీ లేని సామాన్ల గదిలో పడేసేవాళ్ళం. సముద్రం పక్కన ఊరు, ఆ గాలికి గోడలే ఆరవు, ఇక టార్పాలిన్ ఏం ఆరుతుంది? కడుగుదామండీ అన్నాను. హెడ్మాస్టరు గారు ఉలిక్కిపడ్డారు. "కడిగితే పేరు పోదూ? రేపు ఆయన వచ్చి చూస్తే ఏం సమాధానం చెబుతాం?" అన్నారు. అంతే, కడగలేదు. ఒక పెద్దమనిషి పేరు చెరగకూడదని ఇరవై మంది పిల్లల్ని ఆ మురికిలో దొర్లించాం.

రెండో నెలలో తామర అంటుకుంది. మెడ మీద, చంక కింద, తొడల మీద గుండ్రంగా, అంచు ఎర్రగా, ఒకటే దురద. హెడ్మాస్టరు గారు కారణం వెంటనే కనిపెట్టేశారు. "చేపలవాళ్ళ పిల్లల్ని చేర్చుకుంటే ఇంతేనయ్యా, వాళ్ళకి శుభ్రం తెలియదు" అన్నారు. నిజానికి మొదటి తామర కనిపించింది మా ఆఫీసు గుమాస్తా గారి అబ్బాయి మెడ మీద. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చిత్తం అని వచ్చేశాను. ఆ చిత్తం అన్న మాటకి నా సర్వీసులో ఎంతమంది పిల్లలు బలైపోయారో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కంపరం పుడుతుంది.

యాభై కేజీలు

నూకరాజుని స్కూలుకి తెచ్చింది వాళ్ళమ్మ పైడమ్మ. ఫిషింగ్ హార్బర్లో తెల్లారకముందే వేలంలో చేపలు కొని, బుట్టలో పెట్టుకుని ఊళ్ళో అమ్మేది. ఆవిడకి హార్బర్లో ఒక పేరుంది. బుట్ట రెండు చేతులతో ఎత్తి తూకం చెప్పేస్తుంది. కాటా దగ్గర గొడవ వస్తే, "పైడమ్మని పిలండి" అనేవారట. కాటా మీద వేలు నొక్కేవాళ్ళుంటారు గాని పైడమ్మ చేతిని నొక్కేవాడు లేడు.

కొడుకుని నా ముందు నిలబెట్టి, చంకల కింద చేతులు వేసి ఒక్కసారి పైకెత్తి దించింది. తొమ్మిదో తరగతి కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"యాభై" అంది. "మేష్టారూ, యాభై కేజీల గుంటణ్ణి నీకిత్తన్నాను. యాభై కేజీలూ మల్లీ నాకు అప్పసెప్పాల. పెరిగితే మంచిదే. తగ్గితే ఒప్పుకోను."

నేను నవ్వాను. చేపల బేరం అనుకున్నావా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నూకరాజుకి కుస్తీ సరదా కాదు, అవసరం. వాడికి పడవ పడదు. జాలరి ఇంట్లో పుట్టి, పడవెక్కితే కడుపులో పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకునేవాడు. ఈడు పిల్లలంతా వాణ్ణి ఆటపట్టించేవారు. తండ్రి రెండుసార్లు తీసుకెళ్ళి, మూడోసారి వేటకి పిలవడం మానేశాడు. ఆ రోజుల్లో స్కూళ్ళ పోటీల్లో నెగ్గి రాష్ట్రస్థాయికి వెళ్ళిన పిల్లాడికి స్పోర్ట్సు హాస్టల్లో సీటు ఇచ్చేవారు. చదువు, తిండి, గోదా, అన్నీ అక్కడే. వాడికి కావలసింది ఆ సీటు. రోజూ అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక పోయేవాడు. అంత పట్టుదల ఉన్న కుర్రాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

పోటీలు వారం ఉందనగా సెక్రటరీ గారు నన్ను పిలిపించారు. పోటీలు నడిపే పెద్దమనిషి. కుస్తీ లంగోటా ముందెటో వెనకెటో ఆయనకి తెలియదు గాని కుర్చీ మాత్రం వదలడు. "మీ వాడు యాభై కదా, యాభై రెండు తరగతిలో పెడతావా?" అని అడిగారు. అవునన్నాను. "అందులో మా మేనల్లుడు ఉన్నాడయ్యా. ఎందుకొచ్చిన తలనొప్పి. మీ వాణ్ణి నలభై ఎనిమిదిలోకి దించు. అందరికీ మంచిది" అన్నారు. ఆ మేనల్లుణ్ణి నేనెరుగుదును. పదో తరగతే గాని పొద్దున గీసుకున్న గడ్డం సాయంత్రానికి మొలిచే వయసు. వాడి పుట్టినతేదీ కాగితం మాత్రం ఏటా కుర్రదైపోయేది. ఇది అన్యాయం అని నేను అనాలి. అనలేదు. పైగా, వాడితో తలపడే బాధ తప్పింది, నలభై ఎనిమిదిలో మన వాడికి ఎదురెవరు అని లోపల లోపల సంతోషించాను కూడా. బుద్ధి గడ్డి తినడం అంటే అదే.

రెండు కేజీలు, అయిదు రోజులు. రేవులో యూరియా బస్తాల లోపలి ప్లాస్టిక్ కవర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరికేవి. తలకీ చేతులకీ కన్నాలు కోసి వాడికి తొడిగాను. మిట్టమధ్యాహ్నం సముద్రపు ఇసకలో పరుగు పెట్టించాను. కవరు అంచుల్లోంచి చెమట ధారగా కారేది. నీళ్ళు అడిగితే, "పుక్కిలించి ఉమ్మెయ్, మింగకు" అనేవాణ్ణి. మిగతా స్కూళ్ళలో అందరూ ఇదే చేసేవారు. నాకూ ఇదే గొప్ప విద్యలా ఉండేది.

మూడోరోజు పైడమ్మ బుట్టతో సహా స్కూలుకొచ్చింది. బుట్ట దించి, కొడుకుని ఎత్తి దించింది.

"నలబై ఎనిమిదిన్నర. ఏటి మేష్టారూ ఇది?"

"పోటీ కోసం కొంచెం తగ్గించాం పైడమ్మా. తర్వాత తింటాడు."

"తిండి మానేత్తే ఇలగ తగ్గదు. ఇది నీరు పోయిన తూకం, నాకు తెల్దేటి. పచ్చి సేపని ఇసకలో ఎండేసినట్టు ఎండేత్తన్నావు నా గుంటణ్ణి."

"నీకు చేపల సంగతి తెలుసు. కుస్తీ సంగతి నాకు వదిలెయ్" అన్నాను.

నూకరాజు మధ్యలో వచ్చాడు. పెదాలు పగిలి ఉన్నాయి. "అమా, నువ్వెల్లు. ఆస్టలు సీటు పోద్ది. రెండ్రోజులే కదా" అన్నాడు.

ఆవిడ వాడికేసి కాదు, నాకేసి చూసింది. "గుంటడు అడుగుతాడు. ఇచ్చీదో లేదో పెద్దోడు సూసుకోవాల" అంది. బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. చదువులేని మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని ఆ సాయంత్రం పిల్లాణ్ణి ఇంకో రెండు చుట్లు ఎక్కువ పరుగెత్తించాను. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

దేవుడి కాపలా

పోటీ రోజు పొద్దున తూకంలో వంద గ్రాములు ఎక్కువొచ్చాడు. డబ్బాలో ఉమ్ముతూ కూర్చోబెట్టాను, జుట్టు కత్తిరించాను. రెండోసారి ముల్లు సరిగ్గా నిలబడింది. నా వీపు నేనే తట్టుకున్నాను.

తర్వాత డాక్టరు పరీక్ష. నూకరాజు రొమ్ము మీద రూపాయి బిళ్ళంత తామర ఉంది. మా నాగరికపు టార్పాలిన్ ఇచ్చిన ప్రసాదం. చర్మవ్యాధి ఉంటే ఆడనివ్వకూడదని నియమం. ఆ నియమం ఎందుకో నాకు తెలుసు. కుస్తీలో ఒకడి ఒళ్ళు ఇంకొకడి ఒంటికి రుద్దుకుంటుంది, ఒకడి రోగం ఇద్దరిదవుతుంది. తెలిసే నేను సంచీలోంచి ఆంజనేయస్వామి సింధూరం తీశాను. నూనెతో కలిపి వాడి రొమ్మంతా దట్టంగా పులిమాను. పహిల్వాన్లు సింధూరం పెట్టుకోవడం మామూలే కదా.

డాక్టరు గారు వచ్చారు. గోళ్ళు చూడలేదు, చెవులు చూడలేదు. సింధూరం చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. "స్వామివారిది. చెరపకూడదు" అని కాగితం మీద సంతకం గీకి పక్కవాడి దగ్గరికి పోయారు. భక్తి అంటే అలా ఉండాలి. ఆంజనేయస్వామి ఆ రోజు నా మోసానికి కాపలా కాశాడు.

మొదటి కుస్తీ నెగ్గాడు. మధ్యాహ్నం రెండోది. ఎదురుగా సీతమ్మధారవైపు స్కూలు కుర్రాడు, పేరు భాస్కర్. నిమ్మళంగా, శుభ్రంగా ఆడేవాడు. రెండో రౌండు సగంలో నూకరాజు కాళ్ళు కొయ్యబారిపోయాయి. పిక్కలు గట్టిపడి, వేళ్ళు వంకర్లు తిరిగి, కళ్ళు పైకి తేలిపోయాయి. అప్పటికే భాస్కర్ చేతిలో నడుం పట్టు ఉంది. ఒక్క తోపు తోస్తే వీపు నేలకానుతుంది, గెలుపు వాడిది.

భాస్కర్ పట్టు వదిలేశాడు. అక్కడే చతికిలబడి నూకరాజు తల ఒళ్ళో పెట్టుకుని, "నీళ్ళు, ఎవరైనా నీళ్ళు తెండి" అన్నాడు.

వాడి మేష్టారు గట్టున నిలబడి, "పట్టు ఎందుకు వదిలావురా వెధవా, చిత్తు చెయ్" అని అరిచాడు. రిఫరీ విజిలు ఊది, ఆడటం లేదని భాస్కర్‌ని హెచ్చరించాడు. సెక్రటరీ గారు వాచీ చూసుకున్నారు. నేనేం చేశాననుకుంటున్నారు? "లే నూకరాజూ, లే, ఇంకో నిమిషమే" అని అరిచాను. అంతమంది పెద్దవాళ్ళం, విజిళ్ళు, కాగితాలు, నియమాలు అన్నీ మా చేతుల్లోనే ఉన్నాయి. పిల్లాడికి నీళ్ళు కావాలని ఆ కుర్రాడికి తప్ప ఎవరికీ తోచలేదు.

మిగతా నాలుగు

పెద్దాసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. అక్కడి కుర్ర డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "వీడి ఒంట్లో నీళ్ళు ఎవరు పిండారండీ?" అని అడిగింది. మేష్టార్నని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, ఇంకేం అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. ప్రాణం నిలబడింది గాని కిడ్నీలు దెబ్బతిన్నాయని, వాడు ఇక కుస్తీ పేరెత్తకూడదని పంపేటప్పుడు చెప్పారు.

పైడమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆ మూడు రోజులూ కాచుకు కూర్చున్నాను. ఇంటికి పంపేరోజున ఆస్పత్రి వరండాలో, అందరూ చూస్తుండగా, కొడుకుని చంకల కింద చేతులేసి ఎత్తింది.

"నలబై ఆరు" అంది. "మిగతా నాలుగూ ఏవి మేష్టారూ?"

ఆవిడ నిజంగానే జవాబు కోసం ఆగింది. తర్వాత వాణ్ణి రిక్షా ఎక్కించుకుని వెళ్ళిపోయింది. హాస్టలు సీటు మరి వాడికి లేదు. పడవ ఎలాగూ లేదు. హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు.

పాపం అక్కడితో ఆగలేదు. గెలుపు భాస్కర్‌కి రాశారు, వాడు రాష్ట్రస్థాయికి వెళ్ళాడు. అక్కడి డాక్టరు, దేవుడంటే భయం లేనివాడు కాబోలు, సరిగ్గా చూశాడు. భాస్కర్ చెంప మీదా మెడ మీదా తామర. ఆడనివ్వకుండా వెనక్కి పంపేశారు. ఈ సంగతి తెలిశాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. కుర్రాడు పసుపు రాసుకుని వాకిట్లో కూర్చున్నాడు. సింధూరం నేనే పూశానని, దాని కింద ఏముందో తెలిసే పూశానని చెప్పాను.

"నాకు తెలుసండి" అన్నాడు. "మొదటి రౌండులోనే చెమటకి కారిపోయింది. కనబడింది."

"మరి రిఫరీకి చెప్పలేదేం?"

"చెబితే వాణ్ణి పంపేస్తారు కదండీ. హాస్టలు కోసం వచ్చానని పొద్దున తూకం దగ్గర నాతో చెప్పాడు."

ఆ వాకిట్లోంచి బయటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. ఏడ్చానని మాత్రం గుర్తుంది.

జరిగింది జరిగినట్టు రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను. "ఇలాంటివి కాగితం మీద పెడతారటయ్యా పిచ్చివాడా" అని ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. స్కూలుకొచ్చి బ్లీచింగ్ పౌడరు తెప్పించాను. టార్పాలిన్ని నూతి దగ్గర పరిచి, కొబ్బరిపీచుతో నేనే తోమాను. దాత గారి పేరు ముందు మసకబారింది, తర్వాత పోయింది. హెడ్మాస్టరు గారు గుండెలు బాదుకున్నారు. నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. మర్నాటినుంచి పిల్లల్ని మళ్ళీ గోదాలోకి దింపాను.

తర్వాత సర్వీసంతా నేను చేసింది మంగలి పని, చాకలి పని అని తోటి మేష్టర్లు నవ్వేవారు. శనివారం శనివారం గోళ్ళు నేనే కత్తిరించేవాణ్ణి. చొక్కా విప్పించి వెలుతుర్లో నిలబెట్టి ఒళ్ళంతా చూసేవాణ్ణి. మచ్చ ఉంటే మానేదాకా గట్టు మీదే, వాడు ఎంత మొనగాడైనా సరే. ఏ పిల్లాడు ఎంత తూగితే ఆ తరగతిలోనే ఆడాలి. ఓడిపోతే ఓడిపోతాడు, కొంపేం మునగదు. కుర్ర మేష్టర్లూ, "అందరూ చేస్తున్నారు" అన్న మాట మీ నోట్లోకి వచ్చిన రోజున విజిలు తీసి పక్కన పెట్టండి. ఆ మాట అన్నవాడు పిల్లాడి వైపు లేడన్నమాటే. పిల్లాడు ఒప్పుకున్నాడు కదా అని కూడా అనకండి. ఆశ పడ్డ పిల్లాడు దేనికైనా ఒప్పుకుంటాడు. ఆ తర్వాత మా స్కూలుకి కప్పులు పెద్దగా రాలేదు. ఆ బీరువాలో ఉన్నవన్నీ అంతకు ముందువే.

రాసుకో

ఆ తర్వాత పదేళ్ళు గడిచాయి. ఊరికి అవతల స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ఒక పొద్దున గోదా దగ్గర మట్టి తిరగేస్తున్నాను. పైడమ్మ వచ్చింది. జుట్టు సగం నెరిసింది, నెత్తిన అదే బుట్ట. వెనకాల పన్నెండేళ్ళ కుర్రాడు, అప్పన్న, ఆవిడ ఆఖరి కొడుకు.

"వీడికీ కుస్తీ కావాలంట" అంది.

"పైడమ్మా, కొండ అవతల స్కూల్లో మంచి మేష్టారున్నాడు. కప్పులు కూడా బాగా తెస్తున్నాడు. అక్కడికి తీసుకెళ్ళు. నా దగ్గరికి ఎందుకు తెచ్చావు?" అన్నాను.

ఆవిడ బుట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ మేష్టారు ఇంకా దొరికిపోలేదు" అంది. "నువ్వు దొరికిపోయినోడివి. నీకు బయం ఉంటాది."

అప్పన్న చంకల కింద చేతులేసి ఎత్తింది. మునపటిలా సులువుగా ఎత్తలేకపోయింది, కొంచెం మూలిగింది. దించి, నాకేసి తిరిగింది.

"ముప్పై ఎనిమిది. రాసుకో మేష్టారూ."

చేతులకి మట్టి ఉంది. పంచెకి తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాను.